రాత్రి వెలుగుకూ ఒక మర్యాద

2023 ఏప్రిల్. రంజాన్ మాసపు చివరి పది రోజులు. వర్ని సమీపంలో రోడ్డు పక్కనున్న కల్లంలో మా మామూగారి యాసంగి వడ్లు ఆరుతున్నాయి. సాయంత్రం నుంచే ఆకాశం మబ్బు పట్టింది. తరావీహ్ నమాజు ముగించుకొని, నేనూ పదిహేనేళ్ళ మా అబ్బాయీ పరదాలు తీసుకొని కావలికి వెళ్ళాం. మా కుప్పకు ఒక పక్క వృద్ధ రైతు దంపతులు, మరో పక్క పగలంతా వడ్లు ఆరబోసి, కుప్పలు చేసి అలసిన కూలీలు నిద్రిస్తున్నారు.

మా అబ్బాయి నులక మంచం మీద వాలి ఫోను తెరిచాడు. తెర వెలుగు వాడి ముఖం మీదనే గాక, పక్క కల్లంలో కట్టిన దోమతెర మీద కూడా పడి కదలసాగింది. కాసేపటికి ఆ పెద్దాయన గొంతు వినిపించింది.

"తమ్మీ, జర ఆ బుగ్గ మలుపు బిడ్డా. కంటి మీద కునుకు పడుతలేదు."

వాడు సిగ్గుపడి ఫోను బోర్లించాడు. నేను వాణ్ణి మందలించాను కూడా.

మందలించిన నేనే ఆ తెల్లవారుజామున అంతకన్నా పెద్ద తప్పు చేశాను. సహరీకి లేచి, నీళ్ళ సీసా కనబడక, టార్చి వేసి చుట్టూ తిప్పాను. ఆ కాంతి రోడ్డు మీదికి పోయి, పాల క్యాన్లతో మోటారు సైకిలు మీద వస్తున్న ఒక యువకుడి కళ్ళలో సూటిగా పడింది. బండి ముందు చక్రం రోడ్డు అంచున ఆరబోసిన వడ్లలోకి దిగి జారింది. అతని మోకాలు చీరుకుపోయింది. ఒక క్యాను పాలు మట్టిలో కలిశాయి. లేచి నిలబడి అతడు ఒకే మాట అన్నాడు.

"అన్నా, నీ బ్యాటరీ నా కండ్లల్ల కొట్టింది. ఏం కనబడలే."

పాల వెల ఇవ్వబోతే సగమే తీసుకున్నాడు. అల్లాహ్ దయవల్ల అంతటితో పోయింది. ఆ క్షణాన ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేస్తుంది. ఆ రోజు నాకు సహరీ గొంతు దిగలేదు.

ఇంటి మర్యాదలు, విందు మర్యాదలు, ప్రయాణ మర్యాదలు అంటూ మనం ఈ శీర్షికలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. చేతిలోని ఫోనుకు, టార్చికి ఆరుబయట రాత్రివేళ ఒక మర్యాద ఉందన్న సంగతి ఆ పాలబండి పడేదాకా నాకు తట్టలేదు. ఈ నెల ఆ సంగతే మీతో పంచుకుంటాను.

రాత్రి అనే వస్త్రం

దివ్య ఖుర్ఆన్ నబా సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తు చేస్తూ రాత్రిని వస్త్రంతో పోల్చాడు. వస్త్రం కప్పుతుంది, మానాన్ని కాపాడుతుంది, విశ్రాంతినిస్తుంది. ఆరుబయట నిద్రించేవారికి గోడలు లేవు, తలుపులు లేవు. వారికున్న ఒకే ఒక్క తెర ఆ చీకటి. అటువంటి చోట మనం వేసే ప్రతి వెలుగూ ఆ వస్త్రంలో ఒక చిరుగు. అవసరమైతే చిరుగు పడక తప్పదు. అయితే అది ఎంత మేర, ఎవరి వైపు పడుతోందో చూసుకోవడం మన బాధ్యత.

ఆరుబయట రాత్రులు మన ప్రాంతానికి కొత్త కావు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు నీళ్ళు ఈ నేలను వరిపొలాలుగా, చెరకు తోటలుగా మార్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చెరకు ఉన్న కాలంలో అడవిపందుల కోసం మంచె మీద కావలి ఉండేవారు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గింది, వరి పెరిగింది. ఇప్పుడు కావలి కల్లాల దగ్గర, కొనుగోలు కేంద్రాల దగ్గర. వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1న మొదలయ్యేదాకా, రాత్రి వంతు కరెంటు కోసం బావి దగ్గర నిద్ర కాచినవారు మన ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఇక వర్ని మండలం జలాల్‌పూర్‌లోని బడాపహాడ్ కొండకు తెలంగాణ నుంచే గాక మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి కూడా కుటుంబాలు తరలివస్తాయి. అక్కడ చాపలు పరచుకొని రాత్రి గడిపే వందలాది మందిలో చంటిపిల్లలు, వృద్ధులు, ఆడపడుచులు అందరూ ఉంటారు.

ఈ మధ్య మన యువకులలో మరో సరదా మొదలైంది. గుడారం, సంచి, ఫోను పట్టుకొని ఎవరి కంటా పడకుండా చెరువుగట్టునో, గుట్ట మీదనో ఒక రాత్రి గడిపి రావడం. ఇది విదేశాల నుంచి వచ్చిన అలవాటు. కావలి కాసే రైతైనా, ప్రయాణంలో ఆగిన కుటుంబమైనా, సరదాకు వెళ్ళిన యువకుడైనా, ఇతరులకు ఇబ్బంది కలగకుండా, తాను ఇబ్బందిలో పడకుండా రాత్రి గడపాలంటే తెలుసుకోవలసిన విషయాలు ఒకటే.

వెలుగులో ఉన్నవాడికి చీకటి కనబడదు

మన కన్ను పగటికి ఒక విధంగా, రాత్రికి మరో విధంగా పనిచేస్తుంది. వెలుగు నుంచి చీకట్లోకి వచ్చాక కన్ను పూర్తిగా అలవాటు పడటానికి సుమారు అరగంట పడుతుంది. కంటి వెనుక పొరలో, మసక వెలుతురును పట్టే కణాలలో ఒక పదార్థం మెల్లమెల్లగా కూడుకోవడమే దీనికి కారణం. అరగంటలో కూడిన ఆ శక్తి, తెల్లని టార్చి కాంతి ఒక్కసారి పడగానే క్షణాల్లో కరిగిపోతుంది. మళ్ళీ అరగంట వేచి ఉండాలి. ఆ పాలబండి యువకుడికి "ఏం కనబడలే" అనిపించింది ఇందుకే. అర్ధరాత్రి ఫోను చూసి తల ఎత్తినవారికి పక్కనున్న మనిషి కూడా కనబడకపోవడమూ ఇందుకే.

మరో సంగతి కూడా ఉంది. చిన్న వెలుగు మనం అనుకున్నదానికన్నా చాలా దూరం కనిపిస్తుంది. మంచి చీకట్లో ఒక దీపపు ఒత్తి కిలోమీటరు దాటి కనబడుతుంది. ఫోను తెర మన ముఖాన్నే వెలిగిస్తుంది కనుక, మనం ఎక్కడ ఉన్నామో, ఎంతమందిమి ఉన్నామో, ఆడవాళ్ళు ఉన్నారో లేదో దూరాన ఉన్నవాడికి తెలిసిపోతుంది. మనకు మాత్రం వాడు కనబడడు.

హిజ్రీ 5వ సంవత్సరం నాటి కందక యుద్ధంలోని ఒక రాత్రి ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఎముకలు కొరికే చలి, పెనుగాలి. శత్రువుల సమాచారం తెమ్మని, వారిని రెచ్చగొట్టవద్దని చెప్పి దైవప్రవక్త (సల్లం) హజ్రత్ హుజైఫా (రజి)ను పంపారు. ఆయన చీకట్లో శత్రు శిబిరందాకా వెళ్ళారు. అక్కడ శత్రు నాయకుడు అబూ సుఫ్యాన్ మంట దగ్గర వీపు కాచుకుంటూ కనిపించాడు. బాణం సంధించారు కూడా. ప్రవక్తవారి ఆదేశం గుర్తుకు వచ్చి వదలలేదు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ వృత్తాంతంలో హుజైఫా (రజి) విధేయతను మన పెద్దలు ఎప్పుడూ చెబుతారు. దానితోపాటు నాకు అందులో కనిపించే మరో పాఠం ఏమిటంటే, మంట దగ్గరున్నవాడు అందరికీ కనబడ్డాడు, అతనికి మాత్రం ఎవరూ కనబడలేదు.

మంచె మీది కావలివాళ్ళకు ఈ విద్య ఎవరూ నేర్పకుండానే తెలుసు. వాళ్ళు చీకట్లోనే కూర్చుంటారు. ఆకులు గలగలమన్నప్పుడే టార్చి వేస్తారు. వేసినప్పుడు సూటిగా వేస్తారు, పని కాగానే మలుపుతారు. తెల్లవార్లూ దీపం పెట్టుకున్న కావలివాడికి తన మంచె తప్ప తోట కనబడదు.

మేల్కొన్నవారికి వినిపించి, నిద్రించేవారిని లేపని సలాము

వెలుగుకు కొలత ఎలా తెలుసుకోవాలి? శబ్దం విషయంలో మనకు లభించిన ఒక హదీసు ఇందుకు చక్కని గీటురాయి. హజ్రత్ మిఖ్దాద్ (రజి), ఆయన మిత్రులిద్దరు ఆకలితో అలమటిస్తున్న రోజులవి. దైవప్రవక్త (సల్లం) వారిని తమ ఇంటికి తీసుకువెళ్ళారు. అక్కడున్న మేకల పాలు పితికి అందరూ పంచుకునేవారు, ప్రవక్తవారి వాటా తీసి ఉంచేవారు. ఆయన రాత్రి పొద్దుపోయాక వచ్చి సలాము చెప్పేవారు. ఆ సలాము మేల్కొని ఉన్నవారికి వినిపించేది, నిద్రిస్తున్నవారికి మెలకువ వచ్చేది కాదు. సహీహ్ ముస్లింలో మిఖ్దాద్ (రజి) ఈ మాట ప్రత్యేకంగా చెప్పారు.

సలాము వంటి శుభవచనానికే ఇంత కొలత ఉంటే, మన ఫోను మోతకు ఎంత ఉండాలి?

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) మరో రాత్రిని వివరించారు. ఆమె నిద్రపోయారని భావించి, ప్రవక్త (సల్లం) వస్త్రాన్ని మెల్లగా తీసుకున్నారు, చెప్పులు మెల్లగా తొడుక్కున్నారు, తలుపు మెల్లగా తెరిచి, మెల్లగా మూసి బఖీ శ్మశానవాటికకు వెళ్ళి దుఆ చేశారు. ఆమెను నిద్రలేపడం ఇష్టంలేక అలా చేశానని తర్వాత తెలిపారు. ఆయన వెళ్ళింది ఆరాధనకే. ఆ ఆరాధన కోసం కూడా పక్కవారి నిద్ర చెడనివ్వలేదు. తహజ్జుద్‌కు లేచి గదిలో దీపాలన్నీ వేసేవాళ్ళం, సహరీ అలారం ఇంటిల్లిపాదికీ మోగించేవాళ్ళం ఇది ఒకసారి తలచుకోవాలి.

కనుక కొలత ఇదే: నా వెలుగు నాకు చాలాలి, పక్కవాడి రెప్పకు తగలకూడదు. నా శబ్దం నా చెవికి చాలాలి, పక్కవాడి కలలోకి పోకూడదు.

చేతిలోని ఫోను, టార్చి

ఇక ఆచరణకు వద్దాం. వీటిలో ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

ఫోను తెర వెలుగును చీకటి పడకముందే కనిష్ఠానికి తగ్గించుకోవాలి. ఆ కనిష్ఠం కూడా గాఢమైన చీకట్లో ఎక్కువే. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లు చాలావాటిలో 'ఎక్స్‌ట్రా డిమ్' అనే సదుపాయం ఉంది. ఐఫోన్‌లో 'రెడ్యూస్ వైట్ పాయింట్' అదే పని చేస్తుంది. నల్లని నేపథ్యం పెట్టుకుంటే మరింత మేలు. ఓలెడ్ తెర అయితే నల్లగా కనిపించే చోట వెలుగే ఉండదు. పాత రకం ఎల్‌సీడీ తెరలో మాత్రం నలుపు వెనుక కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది కనుక, వెలుగు తగ్గించడం ఒక్కటే మార్గం.

ప్రతి సందేశానికీ తెర దానంతట అదే వెలగకుండా ఆపుకోవాలి. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టి, ఇంటివారి నంబర్లకు మాత్రం మినహాయింపు ఇస్తే అత్యవసర కబురు తప్పిపోదు. వైబ్రేషన్ నిశ్శబ్దమని చాలామంది అనుకుంటారు. రేకుపెట్టె మీదనో, స్టీలు పళ్ళెం పక్కనో పెట్టి చూడండి, అది మోతకన్నా కటువుగా ఉంటుంది. ఫోనును మడిచిన తువ్వాలు మీద ఉంచితే ఆ బాధ ఉండదు. పవర్ బ్యాంకు మీద మిణుకుమనే చిన్న దీపాన్ని ప్లాస్టర్ ముక్కతో మూయవచ్చు.

మాట్లాడవలసి వస్తే లేచి పది అడుగులు పక్కకు వెళ్ళాలి. స్పీకరు పెట్టకూడదు. ఖుర్ఆన్ పారాయణమో, ప్రసంగమో వినాలనుకున్నా ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకోవాలి. రెండో చెవి రాత్రిది. వచ్చే బండి చప్పుడు, గడ్డిలో కదలిక, పక్కవారి మూలుగు ఆ చెవికే వినిపిస్తాయి.

టార్చి విషయంలో మొదటి నియమం: వేయకముందే దాన్ని నేలకు వంచాలి. వేసి తర్వాత వంచితే ఆలస్యమైపోతుంది. నా తప్పు సరిగ్గా అదే. ఎవరి ముఖం మీదా, రోడ్డు వైపూ కాంతి పోకూడదు. పడుకునేముందే నీళ్ళ సీసా, చెప్పులు, కళ్ళద్దాలు తలగడ పక్కన ఒకే చోట పెట్టుకుంటే సగంసార్లు టార్చి అవసరమే రాదు.

రెండో నియమం: దగ్గరి పనికి ఎర్రని వెలుగు మేలు. మసక చీకట్లో చూసే కంటి కణాలకు ముదురు ఎరుపు పెద్దగా తగలదు. నక్షత్రాలను పరిశీలించే శాస్త్రజ్ఞులు, రాత్రివేళ ఓడ నడిపేవారు ఎర్ర దీపాలు వాడేది అందుకే. పురుగులు కూడా తెల్లని, నీలి వెలుగుకు ముసిరినంతగా ఎరుపుకు ముసరవు. పెళ్ళి కానుకల మీద చుట్టే ఎర్ర గాజుకాగితాన్ని రెండు మూడు మడతలు వేసి టార్చి మూతికి రబ్బరుబ్యాండుతో బిగిస్తే చాలు. పొలం దగ్గర పురుగుల సంగతి చిన్నది కాదు. వెలుగు కోసం పురుగులు, పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాములు వస్తాయని పెద్దలు ఊరకే అనలేదు.

మూడో నియమం నిద్రకు ముందు. రాత్రి పడుకునేటప్పుడు దీపాలు ఆర్పమని, పాత్రలు మూయమని ప్రవక్త (సల్లం) ఆదేశించారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ నిద్రిస్తున్నవారి మీదే కాలిపోయిన ఉదంతం బుఖారీలో ఉంది. నూనె దీపం స్థానంలో ఇప్పుడు ఛార్జి అవుతున్న ఫోను ఉంది. దాన్ని తలగడ కింద, దుప్పటి కింద, గడ్డివాము పక్కన ఉంచి నిద్రపోవద్దు. వేడి బయటికి పోయే దారి లేకపోతే బ్యాటరీ ప్రమాదకరంగా మారుతుంది. ఛార్జింగు పగలే ముగించుకోవాలి.

దాగకూడని చోట్లు

వెలుగు తగ్గించమన్నానని, ప్రాణం మీదికి తెచ్చుకోమని కాదు. మూడు చోట్ల వెలుగు దాచకూడదు.

ఒకటి, అడుగు వేసేటప్పుడు. మంచం దిగితే తెల్లని టార్చి తప్పనిసరి. ఎర్రని వెలుగులో రంగుల తేడా తెలియదు, చుట్టచుట్టుకున్న పాము మట్టిగడ్డలా కనిపించవచ్చు. చెప్పులు దులిపి తొడుక్కోవాలి, కాంతిని కాలి ముందు నేల మీదే ఉంచాలి. కట్లపాము ముఖ్యంగా రాత్రివేళ, నేల మీద నిద్రించేవారిని కాటు వేస్తుంది. ఆ కాటు నొప్పి ఒక్కోసారి తెలియనే తెలియదు. కనుక మంచం, అంచులు లోపలికి దోపిన దోమతెర ఎంతో మేలు. అనుమానం కలిగితే నాటువైద్యం అంటూ కాలయాపన చేయక 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. అప్పుడు మాత్రం అన్ని దీపాలూ వేయండి, అందరినీ లేపండి.

రెండు, రోడ్డు పక్కన. రాత్రి మజిలీ చేసేటప్పుడు బాటకు దూరంగా దిగమని, రాత్రివేళ అది జంతువులు తిరిగే దారి అని ప్రవక్త (సల్లం) ప్రయాణికులకు బోధించారు. ఈ రోజుల్లో బాట మీద జంతువులతోపాటు లారీలు, హార్వెస్టర్లు కూడా తిరుగుతాయి. రోడ్డు అంచున తప్పనిసరిగా ఉండవలసి వస్తే కనబడేలా ఉండాలి. వడ్ల కుప్పకు, పరదాకు, బండికి కాంతిని తిప్పికొట్టే రేడియం స్టిక్కర్లు అంటించాలి. అవి ఎవరి కళ్ళలోనూ పడవు, వచ్చే బండి దీపానికి మాత్రమే మెరుస్తాయి. రోడ్డు పక్కన కూర్చునేవారు దారి హక్కు చెల్లించాలని, ఎవరికీ బాధ కలిగించకుండా ఉండటం ఆ హక్కులలో ఒకటని హదీసులు చెబుతున్నాయి. ఆ లెక్కన రోడ్డు మీదికి వడ్లు పరచడం మా రెండో తప్పు. స్థలం లేదన్నది నిజమే. కానీ ఆ ఇబ్బంది మాది, దాన్ని బాటసారి మోకాలు మోయకూడదు కదా!

మూడు, ఇంటివారి నుంచి. ఎక్కడ ఉంటున్నారో, ఎప్పుడు వస్తారో ఇంట్లో కనీసం ఒకరికి తెలియాలి. ఫోనులో లొకేషన్ పంపడం రెండు నిమిషాల పని. సిగ్నలు లేని చోటికి వెళితే ముందే చెప్పాలి. అత్యవసరానికి 112 నంబరు ఉంది. కనీసం మూడోవంతు బ్యాటరీ తెల్లవారేదాకా మిగలాలి. ఆ మిగులును వీడియోలకు ఖర్చు చేస్తే, ఆపదలో చేతిలో ఉన్నది గాజుపలక మాత్రమే.

ఫజ్ర్ అలారం కూడా ఆ మిగులులోనిదే. ఖైబర్ నుంచి తిరిగివస్తూ ప్రవక్త (సల్లం), సహచరులు రాత్రి ఒకచోట ఆగారు. వేకువను కనిపెట్టి ఉండే బాధ్యత హజ్రత్ బిలాల్ (రజి) తీసుకున్నారు. ఆయన వాహనానికి ఆనుకొని తూర్పువైపు చూస్తూ ఉండగానే నిద్ర ముంచుకొచ్చింది. ఎండ వేడికి అందరికన్నా ముందు ప్రవక్త (సల్లం) మేల్కొన్నారు. బిలాల్‌ను నిందించలేదు. కొంత ముందుకు సాగి అందరితో కలిసి నమాజు చేశారు. బిలాల్ వంటి మహనీయుణ్ణే నిద్ర జయించింది. మనం తువ్వాలు మడతలో, చేతికి అందేంత దగ్గరలో ఫోను అలారం పెట్టుకుందాం. అది మనల్ని లేపితే చాలు, కల్లం మొత్తాన్ని లేపనక్కరలేదు.

మరుగు వేరు, దొంగచాటు వేరు

తల్లిదండ్రులు ఈ భాగాన్ని పిల్లలతో కలిసి చదవాలని కోరుతున్నాను.

ఎవరికీ కనబడకుండా రాత్రి గడపడం అనగానే మనకు సౌర్ గుహ గుర్తుకు వస్తుంది. క్రీ.శ. 622లో హిజ్రత్ సందర్భంగా దైవప్రవక్త (సల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ గుహలో మూడు రాత్రులు తలదాచుకున్నారు. అబూబక్ర్ కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) రాత్రి వారి దగ్గర గడిపి, మక్కాలోనే నిద్రించినవాడిలా వేకువకు ముందే తిరిగి వెళ్ళేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) ఇషా వేళ దాటాక మేకల మందను అటు తోలి పాలు అందించేవారు. ఎవరి పని వారిది, సవ్వడి లేదు. ఆ గోప్యత ప్రాణరక్షణకు, ధర్మరక్షణకు. అందులో ఒక్కరి హక్కు కూడా భంగం కాలేదు.

ఇప్పుడు మన పిల్లవాడు దుప్పటి కప్పుకొని లోపల ఫోను చూస్తున్నాడనుకోండి. అదీ వెలుగు దాచడమే. అయితే పక్కవారి నిద్ర చెడకూడదని దాచాడా, పక్కవారికి తెలియకూడదని దాచాడా? రెండింటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. కొందరు మనుషుల నుంచి దాక్కుంటారు గాని అల్లాహ్ నుంచి దాక్కోలేరని, ఆయనకు నచ్చని మంతనాలు రాత్రివేళ సాగిస్తున్నప్పుడు ఆయన వారి వెంటే ఉంటాడని నిసా సూరా 108వ ఆయతు హెచ్చరిస్తోంది. తెర వెలుగును కనిష్ఠానికి తగ్గించే మీట మన చేతిలో ఉంది. ఆ చూపును కనిపెట్టే జ్ఞానం మాత్రం ఆయన దగ్గరుంది.

సరదాగా గుడారం వేసుకునే యువకులకు ఒక మాట. స్కాట్లాండులో 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా మెలిగేవారు చాలాచోట్ల బహిరంగ భూములలో రాత్రి బస చేయవచ్చు. మన దగ్గర అటువంటి హక్కు లేదు. పొలమైతే రైతును అడగాలి, రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి కావాలి. "చూడకపోతే ఏమవుతుందిలే" అనుకొని వేసిన గుడారంలో వెలుగు ఎంత తగ్గించినా అది మర్యాద అనిపించుకోదు. పైగా రాత్రివేళ పొలంలో మిణుకుమనే అపరిచిత వెలుగును చూసి దొంగలనుకొని ఊరు లేస్తే, ఆ తర్వాత జరిగేది ఎవరి చేతిలోనూ ఉండదు. "కాకా, ఈ రాత్రి మీ గట్టు మీద పండుకుంటం" అని సాయంత్రమే ఒక్క మాట అడిగితే, మన రైతులలో కాదనేవాడు అరుదు. తాగే నీళ్ళు ఎక్కడున్నాయో కూడా చూపిస్తాడు.

ఇతరుల ఆంతరంగిక వేళల పట్ల కూడా జాగ్రత్త అవసరం. బడాపహాడ్ వంటి చోట్ల వందల కుటుంబాలు ఆరుబయట నిద్రిస్తాయి. నడుస్తూ అటూ ఇటూ టార్చి తిప్పడం, రాత్రి ఫ్లాష్ వేసి ఫోటోలు, వీడియోలు తీయడం అంటే తలుపు తట్టకుండా ఒకరి గదిలోకి దూరడమే. ఇళ్ళలోకి అనుమతితో ప్రవేశించమని నూర్ సూరా నేర్పింది. చాప పరచుకున్న మేరకు అదే వారి ఇల్లు.

మళ్ళీ అదే కల్లం

ఆ మరుసటి సంవత్సరం కూడా యాసంగి కోతలు రంజాన్‌లోనే వచ్చాయి. మళ్ళీ అదే కల్లం, అదే ఇరుగుపొరుగు. ఈసారి వడ్లు రోడ్డుకు ఎడంగా పోశాం, కుప్ప మూలలకు రేడియం ముక్కలు అంటించాం. మా అబ్బాయి సాయంత్రమే టార్చి మూతికి ఎర్ర కాగితం కట్టాడు. సీసా, చెప్పులు, సహరీ గిన్నె ఒకే చోట సర్దాడు. వేకువన వాడి ఫోను తువ్వాలు మడతలో ఒకసారి సన్నగా వణికింది. ఇద్దరం లేచాం, తిన్నాం, నీళ్ళు తాగాం, నమాజుకు నిలబడ్డాం.

తెల్లవారాక పక్క కల్లం పెద్దాయన వేపపుల్ల నములుతూ వచ్చి అడిగాడు.

"ఏం తమ్మీ, ఇయ్యాల మీరు ఉపాసం లేరా? రాత్రి లేసినట్టే లేదు. మాకు ఎర్కనే కాలే."

మా అబ్బాయి నా వైపు చూసి నవ్వాడు. మేము లేచిన సంగతి లేపినవాడికి తెలుసు. నిద్రపోయినవారికి తెలియకపోవడమే మాకు కావలసింది.

మన మేలుకొలుపు మరొకరి నిద్రకు భంగం కాకుండా, మన వెలుగు మరొకరి కంటికి చీకటి కాకుండా ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.